కట్టకపోతేనా, కడితేనా: ‘అన్‌లెస్’ దగ్గర తెలుగువారు ఎందుకు తడబడతారు

ఆగస్టు దగ్గర పడితే నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద నాట్ల కోసం ఎదురుచూసే ఊళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: ‘శ్రీశైలం నుంచి నీళ్లు వదిలితే తప్ప సాగర్ నిండదు.’ మిర్యాలగూడలో బియ్యం మిల్లు గుమస్తా నుంచి హాలియాలో ఎరువుల కొట్టు యజమాని దాకా అందరూ అనే మాటే ఇది. ఈ వాక్యాన్ని ఎలా కట్టాలో వాళ్లకు ఏ బడిలోనూ నేర్పలేదు. ‘వదిలితే’ దగ్గర ‘కాదు’ అనే అర్థం ఉండకూడదని, ‘నిండదు’ దగ్గర ఉండాలని ఎవరూ చెప్పలేదు. నోరు దానంతటదే ఆ లెక్క చూసుకుంటుంది.

ఇదే మాటను ఇంగ్లీషులో చెప్పాలంటే ‘అన్‌లెస్’ కావాలి. చిక్కు అక్కడే మొదలవుతుంది. తెలుగులో పొల్లుపోకుండా మాట్లాడిన మనిషే ఇంగ్లీషులోకి రాగానే అన్‌లెస్ వెంట ఒక ‘నాట్’ కూడా తెచ్చి పెడతాడు. దాంతో వాక్యం తలకిందులవుతుంది. అర్థం తెలియక చేసే పొరపాటు కాదు ఇది. అన్‌లెస్ అంటే ఏమిటని అడిగితే చక్కగానే చెబుతాడు. తెలుగు వాక్యం ‘కాదు’ను దాచుకునే చోటు వేరు, ఇంగ్లీషు వాక్యం దాచుకునే చోటు వేరు. ఆ తేడా ఎవరూ చూపించకపోవడమే అసలు కారణం.

పదో తరగతి పిల్లవాడి గ్రామర్ నోటుబుక్కు తెరిస్తే ఈ పొరపాటు పుట్టిల్లు కనిపిస్తుంది. పేజీ నడుమ స్కేలుతో గీసిన నిలువు గీత. ఎడమవైపు ఇంగ్లీషు మాటలు, కుడివైపు తెలుగు అర్థాలు. అండ్ అంటే మరియు. బట్ అంటే కానీ. బికాజ్ అంటే ఎందుకంటే. అన్‌లెస్ అంటే కాకపోతే, తప్ప. పక్కనే ఎర్ర సిరాతో టిక్కు. ప్రతి ఇంగ్లీషు మాటకూ ఎదురుగా ఒక తెలుగు మాట కుదురుగా కూర్చుని ఉంది కాబట్టి, రెండు భాషలూ వాక్యాలను ఒకే తీరులో ముడివేస్తాయన్న నమ్మకం ఆ పిల్లవాడికి స్థిరపడిపోతుంది. ఆ నమ్మకమే తప్పు.

తెలుగులో వాక్యాలను ముడివేసే పని ఎక్కువగా విడి మాటలు చేయవు. క్రియ చివర చేరే ప్రత్యయాలు చేస్తాయి. ‘వచ్చు’ అనే ఒక్క క్రియనే చూడండి: వచ్చి, వస్తే, వచ్చినా, వచ్చేసరికి, వచ్చేదాకా, రాక, రాకపోతే, రానిదే. ఇంగ్లీషు వాళ్లు వీటిలో చాలావాటికి వేరే మాటను తెచ్చి వాక్యం ముందు నిలబెట్టాలి. తెలుగు క్రియ తోక మార్చుకుంటే చాలు. ‘అండ్’కు ఎదురుగా ‘మరియు’ అని రాసుకుంటాం గానీ ఇంట్లో ఎవరూ ‘అన్న మరియు తమ్ముడు వచ్చారు’ అనరు. ‘అన్నా తమ్ముడూ వచ్చారు’ అంటారు. అచ్చు సాగితే ముడి పడిపోతుంది. ‘మరియు’ను విచ్చలవిడిగా వాడితే వాక్యం వికారంగా తయారవుతుంది, అంతకు మించి నష్టం లేదు. అన్‌లెస్ విషయంలో మాత్రం నష్టం అర్థానికే.

‘కట్టకపోతే’ అనే మాటను విప్పి చూస్తే సంగతి తేటపడుతుంది. అందులో ‘కట్టక’ అనేది లేమిని చెబుతుంది. ‘పోతే’ షరతును చెబుతుంది. ఈ రెండు పనులనూ ఇంగ్లీషులో అన్‌లెస్ ఒంటిచేత్తో చేసేస్తుంది. ‘ఇఫ్’ దానిలోనే ఉంది, ‘నాట్’ దానిలోనే ఉంది. కరెంటు బిల్లు గురించి రాయాల్సిన విద్యార్థి మనసులో ముందు ‘బిల్లు కట్టకపోతే’ అనుకుంటాడు. ‘పోతే’కు బదులుగా అన్‌లెస్ పెడతాడు. ‘కట్టక’ మిగిలిపోయిందని అనిపించి దానికి ‘డోంట్ పే’ అని రాస్తాడు. చివరికి తయారయ్యేది ‘అన్‌లెస్ యూ డోంట్ పే’. దీని వెనుక ‘కరెంటు తీసేస్తారు’ అనే మాట చేరిస్తే, బిల్లు కట్టినవాడికి కరెంటు తీసేస్తారనీ, కట్టనివాడి జోలికి రారనీ అర్థం వస్తుంది. రెండు ‘కాదు’లు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. విద్యార్థి తన తెలుగు వాక్యంలోని ఏ ముక్కనూ వదలకుండా, నిజాయితీగా మోసుకొచ్చాడు. వచ్చిన చిక్కల్లా అన్‌లెస్‌లో ఆ ముక్క ముందే ఉందని అతనికి తెలియకపోవడమే.

ఈ మాట పుట్టుక కూడా కాస్త మోసం చేస్తుంది. ‘అన్‌హ్యాపీ’, ‘అన్‌నోన్’ లాంటి మాటలు చూసిన కంటికి అన్‌లెస్ మొదట్లో ఉన్న ‘అన్’ కూడా అలాంటి వ్యతిరేక ఉపసర్గే అనిపిస్తుంది. అది నిజం కాదు. 15వ శతాబ్దపు ఇంగ్లీషులో ఇది ‘ఆన్ లెస్’ అనే రెండు మాటలుగా ఉండేది. ‘ఇంతకంటే తక్కువ షరతు మీద’ అని దాని అర్థం. ‘ఇంతకు తక్కువైతే ఒప్పుకోను’ అని బేరంలో గట్టిగా చెప్పే మాట లాంటిది. రానురాను రెండు మాటలూ అతుక్కుపోయాయి. మొదటి భాగాన్ని ఊనిక లేకుండా పలకడం వల్ల, దాని అర్థంలో ఎలాగూ ‘కాకపోతే’ అనే ఛాయ ఉండటం వల్ల ‘ఆన్’ కాస్తా ‘అన్’గా మారింది. మన ‘తప్ప’ కథ కూడా వినదగ్గదే. అది ‘తప్పు’ అనే క్రియ నుంచి వచ్చింది. గురి తప్పింది, దారి తప్పాడు, ప్రమాదం తప్పింది అన్నప్పుడు వినిపించే క్రియే అది. ‘నువ్వు తప్ప అందరూ వచ్చారు’ అంటే వచ్చినవాళ్ల లెక్కలోంచి నువ్వు తప్పిపోయావని. ఇంగ్లీషు మాట బేరంలోని కనీస షరతు నుంచి పుడితే, తెలుగు మాట లెక్కలోంచి జారిపోయిన ఒక్కదాని నుంచి పుట్టింది. ఇద్దరూ చివరికి చేరింది ఒకే చోటికి.

ఒకే చోటికి చేరినా రెండూ సమానం కావు. ఆ సంగతి అన్‌లెస్ వాక్యాలను రెండు కుప్పలుగా పోస్తే తెలుస్తుంది. ప్రధాన వాక్యం ‘నిండదు, రాదు, ఇవ్వరు’ అని ముగిసేవి ఒక కుప్ప. ‘నిండుతుంది, వస్తుంది, ఇస్తారు’ అని ముగిసేవి మరో కుప్ప. ఇంగ్లీషుకు రెండింటికీ ఒకటే మాట సరిపోతుంది. తెలుగుకు సరిపోదు.

మొదటి కుప్పలో తెలుగు మహా సంపన్నమైన భాష. వాన పడితే తప్ప చెరువు నిండదు. వాన పడితే గానీ చెరువు నిండదు. వాన పడనిదే చెరువు నిండదు. వాన పడితేనే చెరువు నిండుతుంది. నాలుగూ సరైన వాక్యాలే, నాలుగింటికీ ఇంగ్లీషులో ఒకే అన్‌లెస్ వాక్యం సరిపోతుంది. అయినా నాలుగింటి స్వభావం ఒకటి కాదు. ‘తప్ప’ అన్ని తలుపులూ మూసి ఒక్క తలుపు తెరిచి ఉంచుతుంది. ‘గానీ’లో ఎదురుచూపు ఉంది. ‘గట్టి వాన ఒక్కటి పడితే గానీ పత్తి గింజలు పెట్టలేం’ అనే రైతు గొంతులో ఆకాశం వైపు చూసే చూపు కూడా కలిసే వినిపిస్తుంది. ‘నిదే’ లోకరీతిని చెబుతుంది. అందుకే సామెతలకు అది బాగా నప్పింది: నిప్పు లేనిదే పొగ రాదు, అడగనిదే అమ్మైనా పెట్టదు. ఇక ‘పడితేనే’ అన్నప్పుడు వాక్యంలో ఎక్కడా ‘కాదు’ అన్నదే లేదు. చివరన ఒక్క ఏకారం చేరి, మిగిలిన దారులన్నీ మూసేసింది. ‘రెండు చేతులు కలిస్తేనే చప్పట్లు’ అన్న సామెత నడిచేది ఆ ఏకారం మీదే.

అన్‌లెస్ నేర్పడానికి వీటిలో అన్నిటికంటే పనికొచ్చేది ఈ ‘తేనే’ రూపమే. ‘బిల్లు కట్టకపోతే కరెంటు ఉండదు’ అనే వాక్యాన్ని ముందుగా ‘బిల్లు కడితే తప్ప కరెంటు ఉండదు’ అనో, ‘కడితేనే ఉంటుంది’ అనో మార్చుకోమని పిల్లలకు అలవాటు చేస్తే చాలు. షరతు భాగంలోని ‘కాదు’ తెలుగులోనే తొలగిపోతుంది. అలా తేలికపడిన వాక్యం ఇంగ్లీషులోకి వెళ్లినప్పుడు అదనపు ‘నాట్’ను మోసుకెళ్లదు. బడుల్లో సాధారణంగా చేయించే అభ్యాసం దీనికి ఎదురుగా ఉంటుంది. ‘ఇఫ్ నాట్ తీసేసి అన్‌లెస్‌తో రాయండి’ అంటారు. పిల్లలు ఇఫ్ తీసేస్తారు, నాట్ మరిచిపోతారు. లెక్కల్లో ఒక గుర్తును అటునుంచి ఇటు మార్చడం లాంటి పని అది. మనసులో తెలుగు వాక్యం కదలకుండా అలాగే ఉండిపోతుంది. తెలంగాణలో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. నల్గొండ జిల్లా నాంపల్లిలోనో, కొల్లాపూర్‌లోనో, ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లలు ఇప్పుడు సైన్సు పాఠంలో సైతం అన్‌లెస్‌ను ఎదుర్కొంటున్నారు. బయటి బలం పనిచేయనిదే వస్తువు తన స్థితిని మార్చుకోదన్న న్యూటన్ మొదటి నియమాన్ని ఇంగ్లీషులో నడిపించేది ఈ మాటే. అక్కడ అన్‌లెస్ అర్థం కాకపోతే భౌతికశాస్త్రమే అర్థం కాదు.

రెండో కుప్ప కొంచెం గడ్డు వ్యవహారం. ‘రేపు పత్తి ఏరడానికి కూలీలు వస్తారు’ అన్న మాటకు వాన అనే మినహాయింపు చేర్చాలి. ఇంగ్లీషులో వాక్యం పూర్తయ్యాక అన్‌లెస్ అని వాన మాట చేరిస్తే సరిపోతుంది. తెలుగులో ‘వాన పడితే తప్ప రేపు కూలీలు వస్తారు’ అంటే నాలుక ఒప్పుకోదు. ‘తప్ప’ అన్న తర్వాత చెవి ‘రారు’ కోసం కాచుకుని ఉంటుంది. ‘వస్తారు’ అని వినగానే ఉలిక్కిపడుతుంది. ఎన్నికల రోజుల్లో పత్రికల్లో ‘చివరి నిమిషంలో మార్పులు జరిగితే తప్ప ఆయనకే టికెట్ ఖాయం’ లాంటి వాక్యాలు కనిపిస్తుంటాయి. వాడుకలోకి వచ్చేశాయి కాబట్టి వీటిని తప్పనడానికి లేదు. కానీ ఇవి ఇంగ్లీషు వాక్యానికి తెలుగు మాటలు తొడిగినవే. పాఠకుడు ఒక క్షణం ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదువుకోవాల్సి వస్తుంది.

తెలుగు తన దారిలో చెబితే ఇలా ఉంటుంది: ‘రేపు కూలీలు వస్తారు, వాన పడితే వేరే సంగతి.’ ఈ ‘వేరే సంగతి’ని ఏ నోటుబుక్కులోనూ అన్‌లెస్‌కు ఎదురుగా రాయరు. నిజానికి దానికి ఇంతకంటే దగ్గరి మాట లేదు. ‘వాన రాకపోతే కూలీలు వస్తారు’ అనీ అనవచ్చు, వ్యాకరణానికి లోటు లేదు. కానీ అందులో అనుమానమే ముందు నిలబడింది, కూలీలు రావడం, వాన పడటం రెండూ త్రాసులో సమానంగా తూగుతున్నాయి. ‘కూలీలు వస్తారు, వాన పడితే వేరే సంగతి’ అన్నప్పుడు నిర్ణయం గట్టిది. వాన ఒక మినహాయింపు మాత్రమే. అన్‌లెస్ చెప్పదలచుకున్నది కూడా అదే. రివాజు ఒకటి ఉంది, దానికి ఒక మినహాయింపు ఉంది. రెండింటిలో ఏది రివాజో, ఏది మినహాయింపో తారుమారు కాకూడదు.

ఈ తారుమారు ప్రమాదం తరగతి గదిలో ఒక మార్కు పోవడంతో ముగుస్తుంది. చట్టం దగ్గరికి వస్తే అలా ముగియదు. 2005 నాటి సమాచార హక్కు చట్టంలో రెండు కుప్పలకూ ఉదాహరణలు దొరుకుతాయి. ఎనిమిదో సెక్షన్‌లో వ్యాపార రహస్యాల గురించి ఒక నిబంధన ఉంది. వెల్లడిస్తే మూడో పక్షం పోటీలో దెబ్బతినే సమాచారాన్ని ఇవ్వాల్సిన బాధ్యత లేదు, విస్తృత ప్రజాప్రయోజనం కోసం వెల్లడించడం అవసరమని తగిన అధికారి నమ్మితే తప్ప. ఇక్కడ తలుపు మూసి ఉంది. అన్‌లెస్ దాన్ని తెరుస్తుంది. ఏడో సెక్షన్ తొమ్మిదో ఉపసెక్షన్‌లో తలుపు తెరిచే ఉంటుంది. సమాచారం ఏ రూపంలో అడిగితే సాధారణంగా ఆ రూపంలోనే ఇవ్వాలి. అలా ఇవ్వడం వల్ల కార్యాలయం వనరులు మితిమీరి దారి మళ్లుతాయంటేనో, రికార్డు భద్రతకు ముప్పు వస్తుందంటేనో మాత్రం వేరే సంగతి.

ఇప్పుడు ఈ రెండో నిబంధనను ఎవరైనా అలవాటు కొద్దీ ‘తేనే’ పెట్టి తెలుగు చేశారనుకుందాం: ‘కార్యాలయంపై భారం పడకపోతేనే అడిగిన రూపంలో సమాచారం ఇస్తారు.’ పైకి రెండూ ఒకటిలాగే వినిపిస్తాయి. దేవరకొండ వైపు ఒక పల్లెలో ఉపాధి హామీ మస్టర్ల (హాజరు పట్టీల) నకళ్లు అడిగిన కూలీని ఊహించుకుంటే తేడా తెలుస్తుంది. చట్టం అసలు మాట ప్రకారం ఆ నకళ్లు ఇవ్వడమే రివాజు. భారం పడుతుందని చూపించాల్సింది కార్యాలయం. ‘పడకపోతేనే’ అన్న అనువాదం ప్రకారం ఇవ్వకపోవడమే రివాజు. భారం పడదని నిరూపించాల్సింది కూలీ. ఒక ఏకారం వల్ల రుజువు బరువు ఒకరి భుజం మీది నుంచి మరొకరి భుజం మీదికి మారిపోయింది. ‘తేనే’ మొదటి కుప్పకు అమృతం, రెండో కుప్పకు విషం. నోటీసులు, నిబంధనలు తెలుగు చేసే ప్రతి ఒక్కరికీ ఈ ఒక్క జాగ్రత్త ఉంటే చాలామందికి మేలు జరుగుతుంది.

బ్యాంకు కాగితాల్లోనూ రెండో కుప్ప వాక్యాలే ఎక్కువ. ఖాతాదారు వేరుగా రాసి ఇస్తే తప్ప, గడువు తీరిన డిపాజిట్ దానంతటదే మళ్లీ అంతే కాలానికి కొనసాగుతుందన్న షరతు చాలా డిపాజిట్ పత్రాల్లో ఉంటుంది. దీనిలోని కీలకం ఏమిటంటే, మీరు ఏమీ చేయకపోయినా ఒక పని జరిగిపోతుంది. మౌనం అర్ధాంగీకారం అంటారు, ఇక్కడ పూర్తి అంగీకారమే. కూతురి పెళ్లికని దాచిన డబ్బు గడువు నాటికి చేతికొస్తుందని ఎదురుచూసే రిటైర్డు ఉద్యోగికి ఈ వాక్యం తేట తెలుగులో ఇలా ఉండాలి: ‘గడువు తీరగానే డిపాజిట్ మళ్లీ కొనసాగుతుంది. వద్దనుకుంటే ముందుగానే రాసి ఇవ్వండి.’ రెండు వాక్యాలు. తప్ప లేదు, కాకపోతే లేదు. అన్‌లెస్‌ను తెలుగులోకి తేవడానికి చాలాసార్లు మంచి ఉపాయం వాక్యాన్ని విరిచేయడమే. ఇంగ్లీషులో మినహాయింపు చివరికి రావచ్చు. తెలుగులో షరతు ముందు రావడం, క్రియ చివర రావడం సహజం కాబట్టి అనువాదకుడు నాలుగు పంక్తుల మినహాయింపునంతా వాక్యం నెత్తిన పెడతాడు. చదివేవాడు అసలు నియమం చేరేలోపు అలిసిపోతాడు.

‘రాకపోతే’ ప్రతిసారీ అన్‌లెస్ అవుతుందనుకోవడం మరో పొరపాటు. ‘సాయంత్రం బస్సు రాకపోతే అమ్మ కంగారు పడుతుంది.’ ఇక్కడ ఇఫ్, నాట్ విడివిడిగా వాడటమే సరైనది. బస్సు రాకపోవడమే కంగారుకు కారణం. అన్‌లెస్ పెడితే, అమ్మ ఎలాగూ కంగారులోనే ఉంటుందనీ, బస్సు వస్తే మాత్రం తగ్గుతుందనీ ధ్వనిస్తుంది. జరిగిపోయిన వాటి గురించి ఊహించేటప్పుడు, ‘నిరుడు ఆ వాన పడకపోయి ఉంటే కంది పంట ఎండిపోయేది’ లాంటి చోట్ల కూడా అన్‌లెస్ పనికిరాదు. ‘వాళ్లు రాకపోతే ఏమి చేస్తావు?’ అనే ప్రశ్నలోనూ అంతే. ‘రాకపోతే’ పెద్ద గంప, అన్‌లెస్ అందులో పట్టే చిన్న బుట్ట. ఇక ‘లేకపోతే’ అనే మాట ఒంటరిగా వాక్యం మధ్యలో నిలబడితే అది ‘అదర్‌వైజ్’ అవుతుంది, దాని దారి వేరు.

ఒక్క విషయంలో మాత్రం తెలుగు పిల్లలకు పుట్టుకతోనే వచ్చిన సౌలభ్యం ఉంది. అన్‌లెస్ తర్వాత భవిష్యత్తు చెప్పే ‘విల్’ రాకూడదని ఇంగ్లీషు వ్యాకరణం చెబుతుంది. ‘వస్తే’ అన్న మాటలోనూ కాలం లేదు. రేపు వస్తే, ఇప్పుడు వస్తే, ఎప్పుడు వస్తే అన్నా రూపం ఒకటే. ఈ పోలిక చూపించి చెబితే ఆ నియమాన్ని బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

దక్షిణ తెలంగాణలో ఈ మాట చుట్టూ ఇరుగుపొరుగు భాషల సందడి కూడా ఉంది. మహబూబ్‌నగర్ పట్టణంలో ఉర్దూ, నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం తెలుగుతో కలిసే వినిపిస్తాయి. ఉర్దూలో అన్‌లెస్‌కు దీటుగా ‘జబ్ తక్’ వాడి, దాని వెంట ‘న’ చేరుస్తారు: ‘జబ్ తక్ బారిష్ న హో’. కన్నడంలో ‘మళె బరద హొరతు’ అన్నా అంతే, ‘బరద’లో లేమి ఉంది. పొరుగు భాషలు రెండూ షరతు భాగంలో ‘కాదు’ను బాహాటంగా పెట్టుకున్నాయి. తెలుగులో రెండు దారులూ ఉన్నాయి. ‘నువ్వు వచ్చేదాకా కదలను’ అంటాం, ‘నువ్వు రానంతవరకు కదలను’ అనీ అంటాం. షరతు భాగం చూస్తే మొదటిదానిలో ‘కాదు’ లేదు, రెండోదానిలో ఉంది, అర్థం మాత్రం ఒక్కటే. ‘అంటిల్ యూ డోంట్ కమ్’ అంటూ ‘అంటిల్’ దగ్గర అదనపు ‘నాట్’ పెట్టే పొరపాటు ఈ ‘రానంతవరకు’ నుంచే వస్తుంది. ‘వచ్చేదాకా’ను మనసులో ఉంచుకున్నవారు ఆ పొరపాటు చేయరు. నిజాం కాలపు రెవెన్యూ వ్యవహారంలో బలపడిన ‘మినహా’ కూడా ఈ కుటుంబంలోనిదే. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చి, ‘అందులోంచి తీసివేయగా’ అనే లెక్కల అర్థంతో స్థిరపడింది. మన ‘తప్ప’ కూడా లెక్కలోంచి తప్పిపోయినదాన్నే చెబుతుంది కాబట్టి ఈ రెండూ పక్కపక్కనే హాయిగా ఇమిడిపోయాయి. కాకపోతే ‘మినహా’ నామవాచకాల వెనుకే నిలుస్తుంది. ‘ఆదివారం మినహా’ అంటాం గానీ ‘వస్తే మినహా’ అనం.

చివరగా చెప్పుకోవాల్సింది అన్‌లెస్ ఇచ్చే మాట ఎంతవరకు అన్నది. ‘శ్రీశైలం నుంచి నీళ్లు వదిలితే తప్ప సాగర్ నిండదు’ అన్నది నిజమే. దిండి లాంటి చిన్న ప్రవాహాలను పక్కనబెడితే సాగర్‌కు నీళ్లు శ్రీశైలం నుంచే రావాలి. కానీ నీళ్లు వదిలిన ప్రతి ఏడూ సాగర్ 590 అడుగులకు చేరుతుందని ఆ వాక్యం చెప్పడం లేదు. అది ఒక అడ్డంకిని గురించి చెప్పింది, ఫలితాన్ని గురించి హామీ ఇవ్వలేదు. అలాగే ఆ వాక్యాన్ని చూసి ‘జూరాల నుంచి వదిలితే తప్ప శ్రీశైలానికి నీళ్లు రావు’ అని రాస్తే అబద్ధమవుతుంది. జూరాలకు దిగువన, ఆలంపూర్ ప్రాంతంలో తుంగభద్ర వచ్చి కృష్ణలో కలుస్తుంది. జూరాల గేట్లు మూసి ఉన్నా శ్రీశైలానికి వరద రావచ్చు. ‘తప్ప’ అనే ముందు వేరే దారి ఏదీ లేదని రూఢి చేసుకోవాలి. ఒక్క పాయ కనిపించినా ఆ మాట వాడటానికి వీల్లేదు.

అడ్డంకికీ హామీకీ మధ్య ఉన్న ఈ తేడా తెలియనందువల్ల కలిగే బాధ మీసేవ కేంద్రాల ముందు రోజూ కనిపిస్తుంది. పీఎం కిసాన్ పథకం కింద రైతుకు ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా ఖాతాలో పడతాయి. ఈకేవైసీ, అంటే ఆధార్‌తో గుర్తింపు ధ్రువీకరణ, పూర్తి చేయకపోతే విడత రాదని ఫోనుకు సందేశం వస్తుంది. రైతు ఆటో ఎక్కి మండల కేంద్రానికి వెళ్లి, వరుసలో నిలబడి, అరిగిపోయిన వేలిముద్ర పడేదాకా నాలుగుసార్లు ప్రయత్నించి ఆ పని పూర్తి చేసుకుంటాడు. విడత పడదు. ‘చేయిస్తేనే పడుతుందన్నారు, చేయించాను కదా’ అన్న అతని ప్రశ్నలో న్యాయం ఉంది. వినేవాడి మనసులో ‘చేయిస్తేనే పడుతుంది’ అన్నది ‘చేయిస్తే పడుతుంది’గానే దిగుతుంది. భూమి వివరాలు నమోదై ఉండాలనీ, బ్యాంకు ఖాతాకు ఆధార్ ముడిపడి ఉండాలనీ ఆ సందేశంలో లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత పుట్టిన సమాజంలో ఒక షరతు నెరవేరినంత మాత్రాన పని కాదని తెలియనివారు ఉండరు. అయినా ఎదురుగా ఒక్క షరతే రాసి ఉన్నప్పుడు, అదొక్కటే చాలని అనుకోవడం సహజం.

అలాంటి సందేశం రాసేవారి చేతిలో ఉన్న పని చిన్నదే. అన్‌లెస్ వాక్యాన్ని యథాతథంగా తెలుగు చేయడం మాని ఇలా రాయవచ్చు: ‘విడత డబ్బు పడాలంటే మూడూ పూర్తయి ఉండాలి. ఈకేవైసీ, భూమి వివరాల నమోదు, ఖాతాకు ఆధార్ అనుసంధానం. మీకు మొదటిది ఇంకా పూర్తి కాలేదు. మిగతా రెండూ పూర్తయ్యాయో లేదో కూడా అదే రోజు అడిగి తెలుసుకోండి.’